విదేశాలకు వెళ్లేవాళ్ల ఆరోగ్యం ఎవరి పరిధిలోది? నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులకు, ట్రావెల్స్ వారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, విదేశీ ప్రయాణాలు ఏర్పాటు చేసే ట్రావెల్స్, కన్సల్టెన్సీల యజమానులకు,

నమస్కారం.

నేను ఉదయగిరి మెట్ట ప్రాంతంలో చాలా ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. గల్ఫ్‌కి, ఇతర దేశాలకి వెళ్లేవాళ్లకు బయలుదేరేముందే ఆరోగ్య సలహా, టీకాల సమాచారం జిల్లాలోనే దొరికేలా చూడమని నిరుడు మేం కొందరం సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టుకున్నాం. అది ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగింది. ఒకచోట ఇది విదేశాంగ శాఖ చూసుకోవాల్సిన పని అన్నారు. ఇంకోచోట ఇలాంటి పని మా పరిధిలో లేదన్నారు. తర్వాత కొన్నాళ్లకి "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో అందులో లేదు. ఆ ఆఫీసుల పేర్లు రాసి ఎవరినో తప్పుపట్టడం నాకు అక్కర్లేదు. అడిగిన పని అక్కడే ఆగిపోయింది కాబట్టి ఇలా అందరి ముందు రాస్తున్నాను.

ఈ రెండు జిల్లాల నుంచి ఎవరు వెళ్తున్నారో మీకు తెలియంది కాదు. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు వైపు నుంచి ఇంటిపనికి, డ్రైవర్ పనికి కువైట్, సౌదీ వెళ్తారు. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న కనిగిరి, పామూరు వైపు బేల్దారి (తాపీ) పని నేర్చినవాళ్లు ముందు బెంగళూరు, హైదరాబాద్ వెళ్తారు, అప్పులు తీరకపోతే దుబాయ్, ఖతార్ వైపు చూస్తారు. నెల్లూరు టౌన్ నుంచి ఉమ్రా (మక్కా యాత్ర) గ్రూపులు బయలుదేరతాయి. కూతురి కాన్పుకి అమెరికా వెళ్లే అమ్మానాన్నలు ఉంటారు. ఈమధ్య థాయ్‌లాండ్, వియత్నాం టూర్లకి వెళ్లే కుర్రకారు కూడా పెరిగారు.

వీళ్లందరికీ పాస్‌పోర్ట్ ఎంక్వైరీకి కానిస్టేబుల్ తప్పకుండా వస్తాడు. ఊరు దాటి సముద్రం అవతలికి పోతున్న మనిషి ఒంట్లో ఏముంది, సంచిలో ఏముంది అని అడిగే ఆరోగ్య కార్యకర్త మాత్రం ఒక్కరూ రారు. "గల్ఫ్ మెడికల్ చేయిస్తారుగా" అని మా అర్జీ చూసిన ఒక అధికారి అన్నారు. చేయిస్తారు. ఎక్స్‌రే తీస్తారు, రక్తం తీస్తారు. చివరికి ఆ మనిషి చేతికి వచ్చేది ఫిట్, అన్‌ఫిట్ అనే ఒక్క మాట. ఆ పరీక్ష పెట్టింది తీసుకునే దేశం కోసం. షుగర్ కాస్త ఎక్కువగా ఉంది, అక్కడ ఇలా చూసుకో అని చెప్పడం దాని పని కాదు. పైగా విజిట్ వీసా మీద తీసుకెళ్లి అక్కడ పనిలో పెడతామనే ఏజెంట్ల దగ్గర ఆ పరీక్ష కూడా ఉండదు.

దీనివల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో వరసగా రాస్తాను.

1. మందుల సంచి. నా కౌంటర్ దగ్గర రోజూ చూసేది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. "అన్నా, ఆరు నెలలకి సరిపడా కట్టియ్యి, రాత్రికే మద్రాస్ బండి" అంటారు. చీటీ ఉండదు. ఎప్పుడో వాడిన స్ట్రిప్ చివరి ముక్క చూపిస్తారు, దాని మీద పేరు సగమే ఉంటుంది. కొందరు సూట్‌కేసులో చోటు కోసం మాత్రలన్నీ విప్పి ఒకే కవర్లో పోసుకుంటారు. ఆ కవర్ అక్కడి కస్టమ్స్ వాళ్ల చేతిలో పడితే అవి బీపీ మాత్రలని ఎవరు నమ్ముతారు?

అసలు ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇక్కడ మామూలుగా రాసే కొన్ని మందులు గల్ఫ్‌లో మత్తుమందుల కింద, నియంత్రణ ఉన్న మందుల కింద లెక్క. నొప్పులకి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు సిరప్‌లలో ఉండే కోడీన్, నిద్రకీ ఆందోళనకీ ఇచ్చే ఆల్ప్రజోలామ్, డయజిపామ్ అలాంటివి. షుగర్ వల్ల కాళ్లు తిమ్మిరి, మంటలు ఉన్నవాళ్లకి రాసే ప్రీగాబాలిన్‌ని సౌదీ, ఎమిరేట్స్ (దుబాయ్ ఉన్న దేశం) రెండూ నియంత్రణ జాబితాలో పెట్టాయి. మెట్టలో షుగర్ పేషెంట్లలో ఎంతమంది ఈ మాత్ర వేసుకుంటారో డాక్టర్లకి తెలుసు. ఇలాంటి మందు అవసరమై తీసుకెళ్లాల్సి వస్తే ఎమిరేట్స్‌కి ముందే ఆన్‌లైన్‌లో అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరుతో, మందు అసలు పేరుతో ఇంగ్లీషులో టైపు చేసిన చీటీ ఉండాలి. మాత్రలు కంపెనీ ప్యాకింగ్‌లోనే ఉండాలి. ఇది తెలియక పట్టుబడిన మనిషికి అక్కడ కేసు అవుతుంది. ఇక్కడ ఇంట్లోవాళ్లకి ఫోన్ కూడా రాదు. ఆ కుటుంబం తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

ఇంకో చిన్న సంగతి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని చెకిన్ సామానులో పెట్టకూడదు, అక్కడి చలికి గడ్డకట్టి పనికిరాకుండా పోవచ్చు. చేతిసంచిలో చీటీతో పాటు ఉంచుకోవాలి. ఇది ఒక్క వాక్యం. ఈ ఒక్క వాక్యం చెప్పే మనిషి లేడు.

2. వంట సామాను. మాంసం మసాలాకి గసగసాలు లేకుండా అమ్మలు పంపరు. ఎమిరేట్స్, సౌదీ, సింగపూర్ దేశాల్లో గసగసాలు తీసుకెళ్లడం నేరం. ఖైనీ, గుట్కా ప్యాకెట్లు కూడా అలాగే ఇరికిస్తాయి. పక్కింటివాళ్లు "మావాడికి ఇవ్వు" అని ఇచ్చే పొట్లాల సంగతి ఇక చెప్పక్కర్లేదు. విప్పి చూడకుండా ఎవరి పొట్లమూ తీసుకోకూడదు, మేనమామ ఇచ్చినా సరే.

3. ఎండ, కిడ్నీలు. "మాకు ఎండలు కొత్తా" అంటారు మనవాళ్లు. రోళ్లు పగిలే రోహిణి కార్తె చూసినవాళ్లం, నిజమే. కానీ కువైట్‌లోని మిత్రిబా దగ్గర 2016 జూలై 21న 53.9 డిగ్రీలు నమోదైంది, ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని ధ్రువీకరించింది. సముద్రం పక్కన ఉండే దుబాయ్, దోహాల్లో ఆగస్టులో ఉక్క తోడవుతుంది. చెమట పడుతుంది కానీ ఆరదు, ఒంట్లో వేడి బయటకి పోదు. పైగా ఇక్కడ మధ్యాహ్నం చెట్టుకింద ఒక గంట నడుం వాల్చే మేస్త్రీకి అక్కడ ఆ వీలు తన చేతిలో ఉండదు.

ఆ దేశాలు చట్టాలు పెట్టుకోలేదని కాదు. కువైట్‌లో జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా బయట ఎండలో పని చేయించకూడదు. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 దాకా, సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 దాకా, ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి 3.30 దాకా నిషేధం ఉంది. మన బేల్దారి కుర్రాడికి ఈ టైములు తెలిస్తే కదా ఫోర్‌మన్‌ని అడిగేది!

ఎండకి అలవాటు పడటానికి ఒంటికి ఒకటి రెండు వారాలు కావాలి. కొత్తగా ఎండలో పని మొదలుపెట్టేవాళ్లు మొదటిరోజు మామూలు పనిలో ఐదో వంతుకి మించి చేయకూడదని, తర్వాత రోజుకి కొంత పెంచుకోవాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెప్తారు. దాహం వేసేదాకా ఆగకుండా 15, 20 నిమిషాలకోసారి ఒక గ్లాసు నీళ్లు తాగాలి. మూత్రం ముదురు పసుపు రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని అర్థం. తల తిరిగి, మాట తడబడితే అది వడదెబ్బ. అలాంటి మనిషిని నీడకి చేర్చి, ఒళ్లు తడిపి, వెంటనే అంబులెన్స్ పిలవాలి. గదికి తీసుకెళ్లి పడుకోబెట్టడం కాదు.

మెట్ట ప్రాంతానికి ఇది ఇంకా పెద్ద విషయం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, కిడ్నీ జబ్బులు దశాబ్దాల సమస్య. ఇప్పటికే కిడ్నీ కాస్త దెబ్బతిని, ఆ సంగతి తెలియని మనిషి వెళ్లి ఎండలో నీళ్లు లేకుండా పనిచేస్తాడు. సాయంత్రానికి ఒళ్లునొప్పులని డైక్లోఫెనాక్ మింగుతాడు. నీళ్లు తగ్గిన ఒంట్లో ఆ మాత్ర కిడ్నీని మరింత దెబ్బతీస్తుంది. నేపాల్ నుంచి గల్ఫ్, మలేషియా వెళ్లిన చిన్నవయసు వాళ్లు కిడ్నీలు పోయి తిరిగి రావడం గురించి అక్కడి డాక్టర్లు చాలాకాలంగా మొత్తుకుంటున్నారు. మన దగ్గర ఎవరైనా ఆ లెక్క తీశారా? తిరిగొచ్చి డయాలసిస్ కుర్చీలో కూర్చున్నాక అడిగితే ఏం లాభం! వెళ్లేముందు కిడ్నీ పనితీరు చెప్పే ఒక క్రియాటినిన్ పరీక్ష, దాని అర్థం చెప్పే డాక్టర్, ఇంతే మేం అడిగేది.

4. గది, సారా. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగ్ అంటుకుని 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు, అందులో ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. ఎక్కువమంది ప్రాణం తీసింది పొగ. కొత్త గదిలోకి దిగిన రోజే బయటికి పోయే దారులు ఎన్ని, మెట్లకి తాళం ఉందా, స్టవ్ ఎక్కడుంది అని చూసుకోమని మనవాళ్లకి చెప్పాలి. గల్ఫ్‌లో చలికాలం కూడా ఉంటుంది. ఎడారి తోటల్లో, గొర్రెల దగ్గర పనిచేసేవాళ్లు తలుపు మూసుకుని బొగ్గులు రాజేసుకుని పడుకుంటే వాసన లేని విషవాయువు నిద్రలోనే చంపేస్తుంది.

2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారు, 160 మంది దాకా ఆస్పత్రి పాలయ్యారు. కొందరికి చూపు పోయింది, చాలామందికి డయాలసిస్ చేయాల్సి వచ్చింది. కారణం మిథనాల్ అనే విషపు ఆల్కహాల్. మద్యం నిషేధం ఉన్న దేశంలో దొంగచాటుగా కాచే సరుకులో ఏం కలిపారో ఎవరికి తెలుసు? 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడిన జిల్లా మనది. ఆ ఉద్యమానికి లొంగి ప్రభుత్వం మరుసటి ఏడాది సారా నిషేధించింది. అలాంటి జిల్లా నుంచి వెళ్లేవాడికి ఇంట్లో భార్యైనా ఈ సంగతి చెప్పి పంపగలిగేలా సమాచారం ఇవ్వలేమా?

5. బీమా, కాగితాలు. పదో తరగతి పాస్ కాని వాళ్లు గల్ఫ్‌తో సహా కొన్ని దేశాలకి పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే ప్రభుత్వ అనుమతి, తీసుకోవాలి. అలా తీసుకుంటే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకి ప్రీమియం 275 రూపాయలు, మూడేళ్లకి 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటివాళ్లయినా 10 లక్షలు వస్తాయి. లైసెన్స్ ఉన్న ఏజెంట్ వలసదారు నుంచి 30 వేలు, దాని మీద జీఎస్టీకి మించి తీసుకోకూడదు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకి క్లియరెన్స్ కావాలంటే 30 ఏళ్లు నిండాలి.

విజిట్ వీసా దారిలో వెళ్తే వీటిలో ఒక్కటీ వర్తించదు. లక్షన్నర, రెండు లక్షలు కట్టించుకునే ఏజెంట్ ఈ 275 రూపాయల సంగతి చెప్పడు. అక్కడ కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఇంట్లో పని భరించలేక బయటపడితే ఖల్లివెల్లి అంటారు. అకామా (అక్కడ ఉండే అనుమతి కార్డు) లేని మనిషి జ్వరమొచ్చినా ఆస్పత్రికి వెళ్లడానికి భయపడుతుంది, వెళ్తే పట్టుకుంటారని. రోగం ముదిరేది అక్కడే. చనిపోతే ఎంబసీ కాగితం, యజమాని కాగితం, పోలీస్ కాగితం అన్నీ కలిసి శవం ఇల్లు చేరేదాకా ఇక్కడ పిల్లలు ఎదురుచూస్తూ కూర్చోవాలి. విదేశాంగ శాఖకి మదద్ అనే ఫిర్యాదు పోర్టల్ ఒకటి ఉందని కూడా ఆ ఇళ్లలో చాలామందికి తెలియదు.

6. టీకాలు. నైజీరియా, ఘనా, కెన్యా, ఉగాండా లాంటి దేశాలకి వెళ్లేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా కావాలి. టీకా వేసుకున్న పదిరోజుల తర్వాతే దానికిచ్చే పసుపు కార్డు చెల్లుతుంది. ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం పనిచేస్తుంది, 2016 నుంచి నిబంధన అదే. కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ఇది ఎక్కడ పడితే అక్కడ వేసే టీకా కాదు, కేంద్రం అనుమతించిన సెంటర్లలోనే వేస్తారు. మావైపు వాళ్లు దీనికోసం చెన్నై రైలెక్కుతారు. ఏ రోజు వేస్తారో, ముందే బుక్ చేసుకోవాలో తెలియక వెళ్లి తిరిగొచ్చేవాళ్లూ ఉన్నారు. ఆఫ్రికాకి వెళ్లేవాళ్లకి మలేరియా రాకుండా ముందునుంచే వేసుకునే మాత్రలుంటాయి. తిరిగొచ్చాక జ్వరమొస్తే "నేను ఫలానా దేశం నుంచి వచ్చాను" అని డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పాలి. ఇదీ ఎవరూ చెప్పరు.

హజ్‌కి మెనింజైటిస్ టీకా కనీసం పదిరోజుల ముందు వేసుకోవాలి. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకి క్యాంపులు పెడతారు, బాగానే ఉంది. ప్రైవేట్ గ్రూపుల్లో ఉమ్రాకి వెళ్లే పెద్దవాళ్లకి టీకా, ఎండ, నడక గురించి చెప్పే బాధ్యత పూర్తిగా ట్రావెల్స్ వాళ్ల మంచితనం మీద ఆధారపడి ఉంది. 2024 హజ్‌లో 51 డిగ్రీలు దాటిన ఎండలో 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. వాళ్లలో ఎక్కువమంది పర్మిట్ లేకుండా వెళ్లి, ఏసీ టెంట్లు, బస్సులు లేక నడిచినవాళ్లు. తక్కువ డబ్బుకి వేరే వీసా మీద హజ్ చేయిస్తామనే మాట వింటే ఈ సంఖ్య గుర్తు చేయాలి.

7. అమెరికా వెళ్లే అమ్మానాన్నలు, టూర్లకి వెళ్లే కుర్రాళ్ల సంగతి క్లుప్తంగా. అమ్మానాన్నలకి పిల్లలు చవకగా ఉందని కట్టే ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో పాత బీపీ, షుగర్, గుండె జబ్బులకి చాలావరకు కవరేజీ ఉండదు. కట్టేముందు ఆ షరతు చదవాలి. థాయ్‌లాండ్‌లో స్కూటర్ అద్దెకి తీసుకునేవాళ్లు రవాణా శాఖ నుంచి ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లాలి. అది లేకుండా గుద్దుకుంటే ఇన్సూరెన్స్ వాళ్లు చేతులెత్తేస్తారు, ఆస్పత్రి బిల్లు ఇంట్లోవాళ్లు పంపాలి.

ఇక మేం అడుగుతున్నవి.

ఒకటి, నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రుల్లో వారానికి ఒక పూట విదేశీ ప్రయాణికుల ఆరోగ్య కౌంటర్ నడపండి. కొత్త బిల్డింగ్ అక్కర్లేదు. ఒక డాక్టర్, ఒక ఫార్మసిస్ట్, ఒక బల్ల చాలు. బీపీ, షుగర్, క్రియాటినిన్ చూసి, మందుల అసలు పేర్లతో టైపు చేసిన చీటీ ఇవ్వాలి. మెట్ట నుంచి నెల్లూరు దాకా రాలేనివాళ్లకి ఉదయగిరి, కనిగిరి ఆస్పత్రుల్లో నెలకొకసారైనా పెట్టాలి.

రెండు, తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం అచ్చు వేయించండి. నిషేధం ఉన్న మందులు, సామాన్లు, ఎండలో పని టైములు, వడదెబ్బ గుర్తులు, బీమా, ఎంబసీ నంబర్లు, అక్కడి అత్యవసర నంబర్లు అందులో ఉండాలి. కువైట్‌కి 112, ఖతార్‌కి 999, ఎమిరేట్స్‌లో అంబులెన్స్‌కి 998, సౌదీలో 997, సింగపూర్‌లో 995. పాస్‌పోర్ట్ ఎంక్వైరీకి వచ్చే కానిస్టేబులే ఈ కాగితం చేతిలో పెట్టి వెళ్లొచ్చు. ఎలాగూ ఇంటికి వస్తున్నాడు కదా.

మూడు, ఎల్లో ఫీవర్ టీకా సెంటర్ ఒకటి నెల్లూరులో పెట్టమని కేంద్రానికి రాయండి. పక్కనే కృష్ణపట్నం పోర్టు ఉంది, అంతర్జాతీయ ఓడలు వస్తాయి, అడగడానికి కారణం చాలు. అది వచ్చేలోపు చెన్నై, విశాఖపట్నంలో ఏ రోజుల్లో వేస్తారో జిల్లా ఆస్పత్రి బోర్డు మీద రాయించండి.

నాలుగు, విదేశాలకి మనుషుల్ని పంపే ప్రతి ఆఫీసు బయట లైసెన్స్ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. కేంద్రం నడిపే ఈమైగ్రేట్ పోర్టల్‌లో లేని ఏజెంట్ల ఆఫీసులు మూయించండి. ఎవరు నడుపుతున్నారో మండలంలో అందరికీ తెలుసు, పోలీసులకి తెలియకుండా ఉండదు.

ఐదు, తిరిగొచ్చినవాళ్లలో కిడ్నీ, టీబీ, గుండె జబ్బుల వివరాలు ఏఎన్ఎంల ద్వారా నమోదు చేయించండి. లెక్క ఉంటేనే రేపు మీరైనా పైవాళ్లని నిధులు అడగగలరు.

ట్రావెల్స్, కన్సల్టెన్సీ యజమానులకి ఒక మాట. మీలో నిజాయితీగా చేసేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి కాదు. టికెట్ చేతికిచ్చేటప్పుడు "మందులేమైనా వాడుతున్నారా, చీటీ ఉందా, బీమా కట్టారా" అని అడగడానికి మీకు రెండు నిమిషాలు పడుతుంది. ఆ మనిషి అక్కడ చిక్కుకుంటే ఇంట్లోవాళ్లు మొదట వచ్చి తలుపు కొట్టేది మీ ఆఫీసుదే. నాతోటి మందుల షాపుల వాళ్లకి కూడా ఒక విన్నపం. గల్ఫ్‌కి అని చెప్పిన మనిషికి చీటీ లేకుండా సంచి కట్టివ్వకండి. వ్యాపారం పోతుందనుకుంటే పోనివ్వండి.

మా పాత అర్జీ నకలు, దాని నంబరు, వచ్చిన మెసేజ్ అన్నీ నా దగ్గర ఉన్నాయి. ఈ లేఖతో పాటు వాటిని రెండు కలెక్టరేట్లకీ మళ్లీ రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాం. ఈసారి మెసేజ్ కాదు, ఈ ఐదింటిలో ఏది చేస్తారు, ఏది చేయరు, చేయకపోతే ఎందుకు అనేది సంతకంతో ఉన్న ఉత్తరంగా ఇవ్వమని కోరుతున్నాం. నెల రోజుల్లో రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అవే ప్రశ్నలు అడుగుతాం. కౌంటర్ పెట్టే రోజు చెప్తే, ఫార్మసిస్ట్ సీటులో మొదటి నెలలు ఉచితంగా కూర్చోవడానికి నేను సిద్ధం.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంతపు మందుల షాపు యజమాని,
అర్జీదారుల తరఫున